తూనికరాళ్ళు లేని అంగడి

సీతమ్మధార రైతుబజారులో తెల్లవారకముందే సందడి మొదలగును. పరిసర గ్రామములనుండి వచ్చిన రైతులు వంకాయలు, బెండకాయలు, ఆకుకూరల కట్టలు బల్లలపై పేర్చుకొనుచుండగా ఆనాటి ధరలు పలకకెక్కును. టమాటా కిలో ఇంత, ఉల్లి కిలో ఇంత. కొనువాడు బేరమాడవలసిన పని లేదు. తూకము సంగతి అనుమానము కలిగినచో కాటాపై ప్రభుత్వ ముద్ర యున్నదా లేదా యని చూచుకొనవచ్చును. 1999లో రాష్ట్రములో ఈ బజారులు వెలసినప్పటినుండి గృహస్థులకు అలవాటైన పద్ధతి యిది. కిలో యన్నచో వేయి గ్రాములే. తొమ్మిదివందల గ్రాములను కిలో యని అమ్మువానికి చట్టములో శిక్ష కలదు.

ఆ బజారునకు కూతవేటు దూరములో, ఒక మేడమీది వాటాలో, ఆవకాయయు గోంగూరయు సీసాలకెత్తి అమ్ముకొను ఒక గృహిణిని ఊహించుకొనవచ్చును. ఇట్టివారు నేడు అనేక వీధులలో ఉన్నారు. హైదరాబాదులోని బంధువులు, అమెరికాలోని బంధువుల స్నేహితులు తన పచ్చళ్ళు కోరుచున్నారని ఆమె ఒక వెబ్‌సైటు పెట్టించినది. ఆ వెబ్‌సైటు నివసించుటకు ఎక్కడనో ఒక సర్వరులో చోటు కావలెను. ఆ చోటును అద్దెకిచ్చు వ్యాపారమునకే హోస్టింగు అని పేరు. అద్దె నెలకు నూఱో, రెండునూఱులో రూపాయలు. ప్రకటనలో నాలుగు వాగ్దానములున్నవి: అపరిమితమైన స్థలము, అపరిమితమైన రాకపోకలు, అపరిమితమైన ఈమెయిళ్ళు, నూటికి 99.9 పాళ్ళు నిరంతర సేవ. ఉదయము రైతుబజారులో పావుకిలో పచ్చిమిరపకాయలకు కాటామీది అంకె నిలుచువఱకు కనిపెట్టి చూచిన ఆ యిల్లాలే, సాయంకాలము ఈ "అపరిమితమును" తూకమడుగకుండ కొన్నది.

అడిగినను చెప్పువారు లేరు. ఏలయనగా ఈ అంగడిలో తూనికరాళ్ళు లేవు.

ఒక యంత్రము, వందల కాపురములు

సర్వరు అనునది నిద్రపోని కంప్యూటరు. పనిచేయు ప్రాసెసరు, తాత్కాలికముగా గుర్తుంచుకొను మెమరీ, శాశ్వతముగా దాచు డిస్కు, బయటి లోకముతో కలుపు తీగ, ఈ నాలుగే దాని ముఖ్యమైన సంపదలు. నాలుగింటికిని హద్దు కలదు. ప్రాసెసరులో కోరులు ఇన్ని, మెమరీ యిన్ని గిగాబైట్లు అని తయారుచేసినవాడు లెక్క వ్రాసియే యిచ్చును. అపరిమితమైన యంత్రమును ఇంతవఱకు ఎవరును చేయలేదు.

అయితే చిన్న వ్యాపారి వెబ్‌సైటునకు ఒక యంత్రమంతయు అక్కఱలేదు. రోజునకు ఏబదిమంది చూచెడి పచ్చళ్ళ పుట కొఱకు సర్వరు శ్రమించు కాలము మొత్తముమీద కొలదిపాటి క్షణములే. మిగిలిన దినమంతయు ఆ శక్తి వృథా. కనుక ఒకే యంత్రములో వందల వెబ్‌సైట్లను కాపురముంచుట సబబే. ఈ ఆలోచన క్రొత్తదియు కాదు. కంప్యూటరు ఒక గది నిండ ఉన్న దినములలోనే, 1961లో, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒకే యంత్రముపై పలువురు ఏకకాలమున పనిచేయు పద్ధతిని ప్రదర్శించిరి. యంత్రము ఒకరికి ఒక లిప్త, వేఱొకరికి ఒక లిప్త చొప్పున వంతులు వేసికొని పనిచేయుచుండగా, ప్రతివాడును అది తనకే అంకితమైనదని భావింపగలిగెను.

వెబ్‌సైట్ల విషయములో ఈ సౌకర్యమునకు 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 నిబంధన బాట వేసినది. అంతకుముందు సాధారణముగా ఒక్కొక్క వెబ్‌సైటునకు ఒక్కొక్క సంఖ్యారూపమైన చిరునామా కావలసియుండెడిది. క్రొత్త నిబంధన ప్రకారము, చూడవచ్చినవాడు ఇంటి సంఖ్యతోపాటు తాను చూడదలచిన వారి పేరును గూడ తప్పక చెప్పవలెను. అందువలన ఒకే చిరునామాలో వందల పేర్లు కాపురముండుటకు వీలుకలిగెను. నేటి చౌక హోస్టింగునకు పునాది యిది. ఇంతవఱకు ఇందులో మోసమేమియు లేదు, పొదుపే యున్నది.

సీతమ్మధార చెప్పు పాఠములు

ఉన్నదానికంటె ఎక్కువమందికి మాట యిచ్చుట హోస్టింగువారు కనిపెట్టిన విద్య కాదు. దానిని తెలిసికొనుటకు సీతమ్మధార దాటి పోనక్కఱలేదు. తంతితపాలా శాఖ పేరును నేటికిని మోయుచున్న పి అండ్ టి కాలనీ యిచ్చటనే యున్నది. 2000లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయము ఆ కాలనీలోనే యున్నది. విద్యుత్తు, టెలిఫోను రెండును ఈ సూత్రముమీదనే నడచిన వ్యవస్థలు.

ఒక వీధిలో నూఱు ఇళ్ళున్నవనుకొన్నచో, ఇంటికి అయిదు కిలోవాట్ల చొప్పున మంజూరయిన మొత్తము అయిదువందల కిలోవాట్లు. కాని ఆ వీధి చివర స్తంభముమీది ట్రాన్స్‌ఫార్మరు అంత పెద్దది కానక్కఱలేదు. నూఱు ఇళ్ళలోను గీజరు, ఇస్త్రీపెట్టె, పిండిరుబ్బు యంత్రము, ఏసీ ఒకే నిమిషములో నడువవు. ఒకరు వంట చేయునప్పుడు మఱియొకరు ఆఫీసులో ఉందురు. ఈ తేడాను ఇంజనీర్లు "డైవర్సిటీ" అందురు. దానికి కొలత కలదు, పట్టికలు కలవు, తనిఖీలు కలవు. వేసవిరాత్రి వీధివీధియంతయు ఏసీలు వేసినప్పుడు ట్రాన్స్‌ఫార్మరు మూలిగినచో, అది ఆ లెక్కకు వచ్చిన చిక్కు.

టెలిఫోను సంగతియు నింతే. ఎక్స్‌ఛేంజిలో చందాదారులెందఱున్నారో అన్ని తీగలను ఊరినుండి ఊరికి లాగిన దేశము లేదు. ఎన్ని తీగలు చాలునని లెక్కకట్టినవాడు డెన్మార్కు దేశస్థుడైన ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్. కోపెన్‌హేగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేయుచు ఆయన 1909లోను, 1917లోను ప్రకటించిన పరిశోధనలే ఈ శాస్త్రమునకు మూలము. రద్దీని కొలుచు ప్రమాణమునకు 1946లో ఆయన పేరే పెట్టిరి.

ఆయన సూత్రములోని చమత్కారమును ఒక చిన్న ఉదాహరణముతో తెలిసికొనవచ్చును. నూఱుమంది చందాదారులున్నారు. రద్దీగల గంటలో ఒక్కొక్కరు సగటున ఆఱు నిమిషములు మాటలాడుదురు. వారికి నూఱు తీగలు అక్కఱలేదు. పదునెనిమిది తీగలు చాలును. నూఱు పిలుపులలో ఒక్కటియైనను సగటున తప్పిపోదు. నూఱుమందికి పదునెనిమిది! ఉన్నదానికి అయిదురెట్లకు మించి మాట యిచ్చియు మాట తప్పని వ్యాపారమిది. కాని ఏ కారణముచేతనో ఆ గంటలో అందఱును ఆఱు నిమిషములకు బదులు పండ్రెండు నిమిషములు మాటలాడ మొదలిడినచో ఏమగును? రద్దీ రెండింతలైనది గనుక విఫలమగు పిలుపులును రెండింతలగునని సామాన్యుడు తలచును. అట్లు కాదు. నూటికి ఒకటికన్న తక్కువగా నున్నది నూటికి ఇరువదిరెండగును. అయిదుగురిలో ఒకనికి తలుపు మూసికొనిపోవును. భారము మెల్లగా పెరిగినను, కష్టము ఒక్కసారి మీదపడును. ఉన్నదానికి మించి అమ్ముటలోని ఆకర్షణయు, అపాయమును ఈ లెక్కలోనే దాగియున్నవి.

అందఱును ఒకేనాడు

ఎర్లాంగ్ లెక్కకు ఒక షరతు కలదు. పిలుచువారు ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ, ఎవరి యిష్టము వచ్చినప్పుడు వారు పిలువవలెను. ఈ షరతు నిలిచినంతవఱకు లెక్క నిలుచును. అందఱును ఒకే కారణముచేత ఒకేమాఱు కదలిన దినమున లెక్క తలక్రిందులగును.

అట్టి దినము ఏటేట సీతమ్మధారకు వచ్చుచున్నది. ఆషాఢ పౌర్ణమి సందర్భమున జరుగు సింహాచల గిరిప్రదక్షిణలో, దాదాపు ముప్పదిరెండు కిలోమీటర్ల బాటను లక్షలాది భక్తులు కాలినడకను చుట్టివత్తురు. ఆ బాట సీతమ్మధార మీదుగనే సాగును. ఇక్కడి వీథులను ఆ ఒక్కనాటి రద్దీకి సరిపడునట్లు ఎవరును వేయలేదు, వేయనక్కఱయు లేదు. అయినను ఆ దినము గడచుచున్నది. ఏలయనగా అది వచ్చునని అందఱకు తెలియును. వాహనములను ముందుగనే దారి మళ్ళింతురు, చలివేంద్రములు పెట్టుదురు, ఏ వీథి ఎప్పుడు మూయబడునో ప్రకటింతురు. హద్దును దాచక చెప్పుటవలన ఇరుకు వీథి గూడ ఇంత భారమును మోయుచున్నది.

చెప్పక వచ్చు దినములును కలవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకొనిపడినప్పుడు విద్యుత్తు, టెలిఫోను రెండును స్తంభించినవి. గాలి కూల్చిన స్తంభములు కొన్ని కాగా, మిగిలియున్న కొంచెము శక్తికొఱకు నగరమంతయు ఒకేసారి చేయిచాచెను. దూరదేశములలోని పిల్లలు తల్లిదండ్రుల క్షేమము తెలియక తల్లడిల్లిరి. సామాన్య దినమునకు కట్టిన లెక్క, అసామాన్య దినమున మానవునకు ఎంత కొఱగాకుండ పోవునో విశాఖవాసులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

పచ్చళ్ళ వ్యాపారమునకు ఇట్టి దినములు సంక్రాంతి, దసరా, మామిడికాయల కాలము. సర్వరులో ఆమె పొరుగువారెవరు? ఒకరు చీరలవారు, ఒకరు మిఠాయిలవారు, మఱియొకరు పూజాద్రవ్యములవారు కావచ్చును. ఏడాది పొడవున వీరి వేళలు వేఱువేఱుగా నుండి, ఒకరు నిద్రించినప్పుడు ఒకరు మేల్కొని, లెక్క సాఫీగా సాగును. పండుగ వారములో అందఱకు ఒకేసారి గిరాకీ. పొరుగులో పరీక్షా ఫలితములు చూపించు వెబ్‌సైటు ఒకటి యున్నచో, ఫలితముల ఉదయమున విద్యార్థులు వేలుగా దానిపై పడుదురు. పచ్చళ్ళ పుట గూడ వారి పాదములక్రింద నలిగిపోవును. ఆమె తప్పు చేయలేదు. పొరుగువాడును తప్పు చేయలేదు. ఇరువురకును అదే గదిని అద్దెకిచ్చినవాడు లెక్క చెప్పలేదు, అంతియే.

మాటకు మించిన అమ్మకము

హోస్టింగులో ఈ మించిన అమ్మకము ఎట్లు జరుగునో కొంచెము వివరముగా చూడవలెను. ఒక యంత్రములో 128 గిగాబైట్ల మెమరీ యున్నదనుకొన్నచో, నాలుగువందలమందికి తలకు రెండు గిగాబైట్ల చొప్పున మాట యిచ్చిన మొత్తము ఎనిమిదివందలు. ఉన్నదానికి ఆఱురెట్లకు పైబడినది. యంత్రము దీనికి అభ్యంతరము చెప్పదు. లోకములో అధికసంఖ్యాకమైన సర్వర్లను నడుపుచున్న లినక్సు వ్యవస్థకే ఈ స్వభావము కలదు. అడిగినవారికెల్ల, చేతిలోలేని మెమరీని గూడ ఇత్తునని మాట యిచ్చును. తీర నందఱును ఒకేసారి వచ్చి అడిగినప్పుడు, నడుచుచున్న పనులలో ఒకదానిని ఎన్నుకొని చంపివేసి, ఆ మెమరీని తక్కినవారికి పంచును. ఆ బాధ్యత వహించు భాగమునకు కిల్లరు అనియే పేరు.

ఒకని ఆకలి పదిమందిని మాడ్చకుండుటకై ఖాతాకొక కట్టడి విధించు సాధనములు 2010 ప్రాంతమునుండి వాడుకలోనికి వచ్చినవి. అవి మంచివే. వానివలన ఒక పొరుగువాని రద్దీ మఱియొకనిపై పూర్తిగా పడదు. కాని వానితో మఱియొక విడ్డూరము ఏర్పడినది. ప్రకటనలో "అపరిమితము" అని అమ్మిన ఖాతాకే, లోపల ప్రాసెసరు ఇంత, మెమరీ యింత, ఒకేసారి తెఱువదగిన తలుపులు ఇన్ని, దాచదగిన ఫైళ్ళు ఇన్ని అని హద్దులు వ్రాయబడును. హద్దు దాటిన క్షణమున పచ్చళ్ళు కొనవచ్చినవానికి పచ్చళ్ళ సీసాలకు బదులు 508 అను సంఖ్యయు, "వనరుల పరిమితి ముగిసినది" అను భావముగల వాక్యమును కనిపించును. అపరిమితము కొన్నామెకు పరిమితి ముగియుట ఎట్లు? నిబంధనల పత్రము అడుగున, చిన్న అక్షరములలో, "న్యాయమైన వాడుక" అను మాటలో సమాధానమున్నది. ఏది న్యాయమో నిర్ణయించువాడు అమ్మినవాడే.

కొంచెమెక్కువ వెల యిచ్చి "సొంత" వర్చువల్ సర్వరు కొన్నవారును ఈ బాధకు అతీతులు కారు. ఒక పెద్ద యంత్రమునే భాగములు చేసి, ఒక్కొక్క భాగమును ఒక్కొక్క యంత్రమని అమ్ముదురు. తన వంతు రావలసిన క్షణమున ప్రాసెసరు పొరుగువాని పనిలో నుండుటవలన వేచియుండవలసిన కాలమును కొలుచుటకు ఒక అంకె కలదు. దానికి ఇంజనీర్లు "స్టీల్" అని పేరుపెట్టిరి. విశాఖవాసులకు స్టీల్ అనగానే ఉక్కు స్ఫురించును. ఇచ్చట దాని అర్థము దొంగిలించుట. ఆ అంకె పైపైకి ఎక్కుచున్నదనగా, తాను వెల చెల్లించిన కాలము పరులపాలగుచున్నదని గ్రహింపవచ్చును.

ఈ రోగమునకు ముఖ్యలక్షణము చావు కాదు, నీరసము. వరుసలో నిలుచువారి శాస్త్రము చెప్పు సామాన్య సూత్రము ప్రకారము, యంత్రము సగము పనిలో నున్నప్పుడు ఒక పని ముగియుటకు పట్టు కాలము ఖాళీయంత్రముతో పోల్చినచో రెండింతలు. తొమ్మిదిపాళ్ళు పనిలో నున్నప్పుడు పదింతలు. నూటికి తొంబదియైదు పాళ్ళు నిండినప్పుడు ఇరువదింతలు. అరక్షణములో తెఱుచుకొనవలసిన పుట పది క్షణములకు తెఱుచుకొనును. చూడవచ్చినవాడు అంతవఱకు ఆగడు. వెబ్‌సైటు "చావలేదు" గనుక 99.9 పాళ్ళ వాగ్దానము భంగము కాలేదని అమ్మినవాడు చెప్పగలడు. ఒకవేళ నిజముగనే ఆగిపోయినను, ముప్పది దినముల నెలలో నలుబదిమూడు నిమిషముల ఆగుదల ఆ వాగ్దానములోనే ఇమిడియున్నది. ఆ నలుబదిమూడు నిమిషములు అర్ధరాత్రి వచ్చునా, భోగి ముందునాటి సాయంకాలము వచ్చునా అని వాగ్దానములో వ్రాసియుండదు. పరిహారమనగా సాధారణముగా నెల అద్దెలో కొంత భాగము. పోయినది అద్దె కాదు, పండుగ గిరాకీ. కారము, నూనె, ఆవపిండి ముందుగా కొని, సీసాలు నింపి పెట్టుకొన్న యిల్లాలికి ఆ తేడా బాగుగా తెలియును.

నేరమెక్కడ?

అమ్మువారి వాదమును గూడ వినవలెను. పంచుకొనుట లేనిదే చౌక లేదు. యంత్రమంతయు ఒక్కరికే యిత్తుమన్నచో నెలకు వేల రూపాయలగును. చిన్న వ్యాపారి వెబ్‌సైటు పెట్టనే పెట్టలేడు. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటింటికి ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను అందింపబూనినదన్నను, ఒకే తీగను ఎందఱో పంచుకొనుటవలననే అది సాధ్యము. కనుక మించి అమ్ముటయే నేరమనుట అన్యాయము. ఆ మాట అన్నచో ట్రాన్స్‌ఫార్మరును, టెలిఫోను ఎక్స్‌ఛేంజిని గూడ నేరస్థుల వరుసలో నిలుపవలసివచ్చును.

నేరము ఎక్కడ మొదలగుననగా, నిష్పత్తిని దాచినచోట. ఇతర వ్యాపారములలో ఈ సంగతిని పాలకులు ఎన్నడో గుర్తించిరి. ఇంటర్నెట్టు కనెక్షన్ల విషయములో భారత టెలికాం నియంత్రణ సంస్థ 2009లో మార్గదర్శకములు వెలువరించి, ఒకే వాటాను గృహస్థులైనచో ఏబదిమందికి, వ్యాపారులైనచో ముప్పదిమందికి మించి పంచరాదని చెప్పినది. పంచుకొనుమన్నది, కాని హద్దు చెప్పినది. విమానములలో ఉన్న కుర్చీలకు మించి టిక్కెట్లు అమ్ముట లోకమంతట నున్న ఆచారమే. మన దేశములో పౌరవిమానయాన శాఖ నియమముల ప్రకారము, టిక్కెట్టు చేతబట్టుకొని వేళకు వచ్చిన ప్రయాణికునకు చోటు లేదన్నచో, గంటలోపల వేఱు విమానము చూపింపవలెను, లేనిచో పరిహారమీయవలెను. ఇరువదినాలుగు గంటలలోపల పంపినచో ఒకవైపు మూలచార్జీకి రెండింతలు, ఇంధనపు రుసుము, మొత్తము పదివేల రూపాయలకు మించకుండ. అంతకన్న ఆలస్యమైనచో నాలుగింతలు, ఇరువదివేలకు మించకుండ. ఆకాశమున ఎగురువానికే లెక్క చెప్పించిన దేశములో, సర్వరులో గది అద్దెకిచ్చువాడు ఒకే గదిని ఎందఱకిచ్చెనో చెప్పవలెనను ప్రత్యేక నియమము లేదు. విశాఖ రేవునకు వచ్చు ఓడల వ్యాపారములో గూడ, సరకు దించుట ఒప్పుకొన్న గడువును దాటినచో ఆ కాలమునకు డెమరేజి చెల్లింతురు. నిరీక్షణకు వెలకట్టుట ఈ నగరమునకు తెలియని విద్య కాదు.

చట్టము బొత్తిగా లేదనుటయు సరికాదు. 2019లో చేయబడి 2020 జూలైలో అమలులోనికి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనలను, సేవాలోపమును ఫిర్యాదు చేయదగిన విషయములుగా పేర్కొన్నది. వాణిజ్య ప్రయోజనమునకు కొన్నవారు సాధారణముగా ఈ చట్టమునకు వెలుపలివారు. కాని స్వయముగా కష్టపడి జీవనోపాధికొఱకు మాత్రమే కొన్నవారికి మినహాయింపు కలదు. పచ్చళ్ళ గృహిణికి ఆ వాకిలి తెఱచియున్నది. అంతకన్న ముఖ్యము, అమ్మినవాడు ఏ ఊరిలో నున్నను, కొన్నవారు తాము నివసించు జిల్లాలోనే కమిషనునకు ఫిర్యాదు చేసికొనవచ్చును. సీతమ్మధార గృహిణి బొంబాయికో, బెంగుళూరుకో పోవలసిన పని లేదు. 1915 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో కేంద్రప్రభుత్వ సహాయకేంద్రము దారి చూపును. అయితే రెండునూఱుల అద్దె కొఱకు ఎవరు కచేరి మెట్లెక్కుదురు? మించి అమ్మువారి ధైర్యమంతయు ఆ ప్రశ్నమీదనే నిలిచియున్నది.

కొనువారు చేయదగినది

చట్టము మేలుకొనువఱకు కొనువాడు తన కాటాను తానే మోసికొనవలెను. కొన్న క్రొత్తలో తన వెబ్‌సైటును తెల్లవాఱుజామున ఒకమాఱు, రాత్రి ఎనిమిది గంటలకు ఒకమాఱు తెఱచి, మొదటి అక్షరము కనిపించుటకు ఎంతసేపు పట్టెనో వారము రోజులు వ్రాసి పెట్టుకొన్నచో సంగతి తేటపడును. పుట మారలేదు, వచ్చువారు పెరుగలేదు. వేళనుబట్టి మాత్రమే ఆలస్యము పెరిగినదన్నచో గది కిక్కిరిసినదన్నమాట. "అపరిమితము" అను మాటను ప్రక్కకు నెట్టి, ప్రాసెసరు ఎంత, మెమరీ యెంత, ఫైళ్ళు ఎన్ని, హద్దు దాటినచో ఏమగును అని వ్రాతపూర్వకముగా అడుగవలెను. అంకెలతో బదులిచ్చువాని సరకు కొంచెము ప్రియమైనను అది తూచిన సరకు.

మఱి రెండు జాగ్రత్తలు. వెబ్‌సైటు పేరును, అనగా డొమైనును, అద్దెగదివానిచేతిలో పెట్టక తన పేరనే నమోదు చేయించుకొనవలెను. వెబ్‌సైటు ప్రతిని ఎప్పటికప్పుడు తనవద్ద దాచుకొనవలెను. ఈ రెండును ఉన్నచో, గది యిరుకైననాడు మూటముల్లె సర్దుకొని వేఱొకచోటికి పోవుటకు ఒక పూట చాలును. లేనిచో, ఇల్లు తనదే యైనను తాళము పరులచేత నున్నట్లగును.

ముద్ర ఎవరు వేయవలెను?

ఈ ప్రశ్న విశాఖకు ఇప్పుడు మఱింత దగ్గఱయైనది. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ, రానున్న అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో విశాఖలో గొప్ప డేటా కేంద్రమును నెలకొల్పుదునని ప్రకటించినది. సముద్రగర్భమున వచ్చు కేబుళ్ళు ఈ తీరమున ఒడ్డెక్కునని గూడ ఆ ప్రకటనలో నున్నది. 1933లో రేవు తెఱచినప్పటినుండి ఈ నగరము సరకులను తూచి, లెక్కవ్రాసి, ఓడకెత్తుచునే యున్నది. ఉక్కు వచ్చినప్పుడు ఉక్కును టన్నులలో తూచినది. ఇక ముందు ఇచ్చట పుట్టు సరకు కంటికి కనిపింపని గణనశక్తి. అది కనిపింపదు గనుక తూకము అక్కఱలేదనుట చెల్లదు; కనిపింపదు గనుకనే తూకము మఱింత అవసరము.

కోరవలసినది కొండంత కాదు. ఒక యంత్రములో ఎందఱిని కాపురముంచుచున్నారో ఆ నిష్పత్తిని అమ్మువారు ప్రకటింపవలెను. ఎంతటి రద్దీలోనైనను ఒక్కొక్కరికి తప్పక దక్కు కనీసపు వాటా యెంతో చెప్పవలెను. ఆ కనీసము గూడ దక్కనినాడు ఏమి చెల్లింతురో ముందుగనే వ్రాయవలెను. హద్దున్న సరకునకు "అపరిమితము" అను పేరు పెట్టుటను మానవలెను. వీనిలో ఏదియు వ్యాపారమును చంపదు. ట్రాన్స్‌ఫార్మరు లెక్క బహిరంగమైనందున విద్యుత్తు అమ్మకము ఆగలేదు. కాటాపై ముద్ర వేసినందున కూరగాయల అంగడి మూతపడలేదు.

రేపు ఉదయమును రైతుబజారు పలకపై ధరలు వ్రాయబడును. పచ్చళ్ళ యిల్లాలు సంచి చేతబట్టుకొని వచ్చును. మామిడికాయలు కాటాపై పెట్టించి, అంకె నిలుచువఱకు చూచును. ఏబది గ్రాములు తగ్గినచో మఱియొక కాయ వేయుమనును. రైతు మాటాడక వేయును. ఆ కాయను అడుగు హక్కు ఆమెకు కలదని ఇరువురకును తెలియును. అదే హక్కు ఆమె కాయలతో పట్టిన పచ్చడిని అమ్ముకొను అంగడిలో గూడ ఆమెకు ఉండవలెను.